డాబా మీద వడియాలు, సైనికులు

మా ఆయనకు బొటనవేలంత సైనికుల బొమ్మలకు రంగులేసే పిచ్చి. వేసిన రంగు నచ్చలేదని నిన్న పాత టూత్‌బ్రష్‌తో, పసిబిడ్డకు నలుగు పెట్టినంత మెత్తగా రుద్ది అంతా ఊడగొట్టారు. ఇవాళ తెల్ల ప్రైమర్ కొట్టి, డాబా మీద నా గుమ్మడి వడియాల పక్కన ఆరబెట్టారు.

మధ్యాహ్నం మా అమలాపురంలో ఉన్నట్టుండి చినుకులు మొదలయ్యాయి. ఆయన పైకి పరుగెత్తి పళ్లెంతో దిగారు. చూస్తే పళ్లెంలో సైనికులే.

"మరి నా వడియాలేవండీ?"

"వడియాలదేముందే, మళ్లీ ఎండుతాయి. తడిస్తే వీళ్ల మొహాలు పాడైపోవూ!"

నేనే వెళ్లి వడియాలు తీసుకుని, తడిసి ముద్దయి వచ్చాను. ఆయన తలెత్తలేదు. ఒక సైనికుడి ముక్కు మీద పడిన చినుకును దూదితో అద్దుతున్నారు.

అసూయగానే ఉందండీ, దాచను. మీ ఇళ్లలో సవతులు ఎంత ఎత్తుంటారు?