రాక్ కాస్తా రాకడైంది

ఎస్తేరు రాణిని ఈ దేశానికిచ్చింది నేనే. గిటారు తగిలించుకుని స్టేజీ ఎక్కిందంటే చాలు, కుర్రకారంతా కుర్చీల మీద నుంచుని ఊగిపోతారే, ఆ ఎస్తేరు రాణినే. ఆ పిల్ల మొట్టమొదటి కేసెట్టు బందరు కోనేరు సెంటర్లోని నా షాపు నుంచే లోకంలోకి వెళ్ళింది. రికార్డింగులో పక్కన కూర్చుని ప్రతి పాటా సరిదిద్దింది నేనే. అమ్మకానికి పెట్టిన రోజున దివిసీమ జనం తోపులాట ఆపలేక పోలీసులు లాఠీలు తీశారు. వేల కేసెట్లు మధ్యాహ్నం భోజనాల వేళకల్లా ఖాళీ.

రాసింది పైకి చదువుకోవడం నాకున్న దురలవాటు. వంటింట్లోంచి మా ఆవిడ సుగుణ తల బయటికి పెట్టింది.

"పోలీసులెక్కడొచ్చారండీ?"

"హోంగార్డు రాలేదూ?"

"మంచినీళ్ళు తాగడానికొచ్చాడు. తాగి వెళ్ళాడు."

సరే, లాఠీలు కొట్టేస్తున్నాను. వేలు కూడా కొట్టేసి రెండొందలని రాస్తున్నాను. పక్కన కూర్చుని సరిదిద్దానన్న మాట తీసేసి, తలుపవతల మెట్ల మీద కూర్చున్నానని చదువుకోండి. భోజనాల వేళకి ఖాళీ అయ్యాయన్న మాట మాత్రం నిజం. ఆ తర్వాత జరిగిందే ప్రళయం. అది చెప్పడానికే ఈ వయసులో కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్నాను.

ఎస్తేరు మా ఆవిడ చెల్లెలి కూతురు. నన్ను పెదనాన్నా అంటుంది. వాళ్ళ నాన్న, అంటే నా తోడల్లుడు సుందర్రావు, ఘంటసాల హైస్కూల్లో లెక్కల మాస్టారు. నవ్వితే సున్నపు గోడకి బీట పడ్డట్టుండేది కనుక ఆయన నవ్వేవాడు కాదు. ఈ పిల్ల చూస్తే చర్చిలో గిటారు నేర్చుకుని, ఆదివారం ఆరాధన అవగానే అదే గిటారుతో ఇంట్లో గోడలదిరేలా వాయించేది. బీఏ అయింది. హైదరాబాదు వెళ్ళి రాక్ పాడతానంది. రాక్ అంటే ఏమిటో మాస్టారికి తెలియదు. నాకూ తెలియదు, కానీ కేసెట్ల షాపు వాణ్ణి కదా, తెలిసినట్టు తలూపాను.

చివరికి మాస్టారు లెక్క తేల్చేశారు. "సొంతంగా ఒక కేసెట్టు చేసుకోమనండి అన్నయ్యగారూ. జనం కొన్నారా, హైదరాబాదు పంపిస్తాను. కొనలేదా, గుడివాడలో బీఈడీ. మళ్ళీ గిటారు మాటెత్తకూడదు."

"కొంటారు బాబూ. అమ్మేది నేను కదా!" అన్నాను. ఆ పిల్ల నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తు. ఏరు దాటించే పడవవాణ్ణి చూసినట్టు చూసింది. పడవకి అడుగున చిల్లుందని పాపం దానికేం తెలుసు?

రికార్డింగు గుడివాడలో. డాబా మీద ఒక గది, గోడల నిండా కోడిగుడ్ల అట్టలు. కిటికీలు బిగించేసరికి లోపల మేం ఆవిరి కుడుముల్లా ఉడికిపోయాం. డ్రమ్ములు వాయించే కుర్రాడూ గిటారుతో ఎస్తేరూ తయారుగా ఉన్నారు. పెద్దరికానికి నేనో మూల కూర్చున్నాను. మొదటి పాట మెల్లగా మొదలైంది.

"చీకట్లో కూర్చున్నాం... నీ కోసం చూస్తున్నాం... ఎప్పుడొస్తావు? నువ్వెప్పుడొస్తావు?"

అయ్యా, నా గుండె కరిగిపోయింది. మాది తరతరాలుగా చర్చికెళ్ళే కుటుంబం. ప్రభువు మళ్ళీ వచ్చే రోజుని మేం రాకడ అంటాం. చిన్నప్పటి నుంచీ ఆ రాకడ మీద ఎన్నో పాటలు విన్నాను గానీ ఇంత ఆర్తితో పాడిన పిల్లని చూడలేదు. కళ్ళ వెంట ధార. ధారతో ఆగితే బాగుండేది, గొంతులోంచి కూడా వచ్చేసింది.

రికార్డింగతను మిషను ఆపేశాడు. "ఎవరండీ లోపల గేదెలాగా?"

"మా పెదనాన్న," అంది ఎస్తేరు.

"ఆయన్ని కొంచెం మెట్ల మీద కూర్చోబెట్టండమ్మా. టేపులోకి ఎక్కేస్తున్నారు."

అలా మొదటి పల్లవి దగ్గరే నన్ను బయటికి పంపేశారు. తలుపు మందం. తర్వాత పాటలన్నీ నాకు గోడవతల పిండి రుబ్బుతున్నట్టు వినబడ్డాయి. భక్తి పారవశ్యంలో డ్రమ్ములు కాస్త గట్టిగా కొడుతున్నారనుకున్నాను.

కేసెట్లు బెజవాడలో కాపీ చేయించి బస్సులో పంపించారు. ఒక్కటైనా పెట్టి వినలేదా అని మీరు అడుగుతారు. షాపులో, అందరి ఎదురుగా, మళ్ళీ ఏడవడానికి సిగ్గుపడి వినలేదు. పైన వేసే అట్ట అచ్చు వేయించే పని నాది. దాని మీద ఏం పేరు వేయించాలో ఎస్తేరు ఘంటసాల నుంచి ఫోను చేసి చెప్పింది. ఆ రోజుల్లో ఫోనంటే నూనెలో అప్పడాలు వేగుతున్నట్టుండేది.

"పెదనాన్నా, రాక్ డె... (బరబర) పాటలు. పెద్దక్షరాలతో వేయించు."

"రాకడ పాటలు. అంతేగా?"

"ఆ! (బరబర) పాటలు! అంతే!"

"ఎంత మంచి పేరు పెట్టావే తల్లీ!" అన్నాను. ఆ పిల్ల నా మెప్పుకి మురిసిపోయి ఫోను పెట్టేసింది.

ప్రెస్సులో అట్ట దివ్యంగా వచ్చింది. మబ్బులు, మబ్బుల్లోంచి వెలుగు కిరణాలు, కింద బంగారు రంగులో 'రాకడ పాటలు', దాని కింద 'గానం: ఎస్తేరు రాణి'. కిరణాలు నా సొంత ఆలోచన. సొంత ఆలోచనలకి ఆ వారం నాకు కరువు లేదు. ఇలాంటి సరుకు కోనేరు సెంటర్లో కాలేజీ పిల్లలకి అమ్మడమేమిటనిపించింది. ఆ వారమే అవనిగడ్డలో సువార్త సభలు. వందల కుటుంబాలు వస్తాయి. ఎస్తేరుకి చెప్పకుండా అమ్మేసి ఆశ్చర్యపరుద్దామని అట్టపెట్టెలు బస్సు మీద వేయించుకుని, సుగుణని తోడు తీసుకుని బయల్దేరాను.

పందిరి పక్కన బల్ల వేసీ వేయకముందే జనం మూగారు.

"రాకడ పాటలేనాండీ?"

"అచ్చంగా రాకడేనమ్మా. వింటే కన్నీళ్ళాగవు."

"మీరు విన్నారా?"

"విని ఏడిస్తే నన్ను బయటికి పంపేశారు."

ఇందులో ఒక్క ముక్కయినా అబద్ధముందా? చెప్పండి! ఒకావిడ తనకొకటి, ఆడపడుచుకొకటి తీసుకుంది. ఒకాయన వాళ్ళ సంఘానికని గుత్తగా పట్టుకెళ్ళాడు. మధ్యాహ్నానికి బల్ల మీద అట్టపెట్టెలే మిగిలాయి. పాస్టరు గారికి ఒక కేసెట్టు ఉచితంగా సమర్పించాను. ఆయన అట్ట చూసి, కిరణాలు చూసి, నా భుజం తట్టారు.

"భోజనాల ముందు మైకులో వేయిద్దాం ఆశీర్వాదం గారూ. అందరూ ధ్యానంగా వింటారు."

సరిగ్గా అప్పుడే వాళ్ళ నాన్నతో కలిసి ఎస్తేరు గిటారు సంచి భుజాన వేసుకుని సభలకొచ్చింది. మాస్టారు ముందు వరసలో కూర్చున్నారు. ఎస్తేరు ఖాళీ బల్ల చూసి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"ఏం అమ్ముతున్నావు పెదనాన్నా?"

"నీ కేసెట్టే! అన్నీ అయిపోయాయి! హైదరాబాదుకి పెట్టె సర్దుకో!"

ఆ పిల్ల గాల్లోకి ఒక్క గంతు వేసింది. కిందికి దిగుతూ బల్ల మీదున్న నమూనా అట్ట చూసింది. మొహంలో రక్తం దిగిపోయింది.

"రాకడేంటి?"

"నువ్వేగా ఫోన్లో చెప్పావు!"

"రాక్! రాక్ డెల్టా పాటలు అన్నాను! మన డెల్టా మీద రాక్ పాటలు!"

"మరి ఎప్పుడొస్తావు, ఎప్పుడొస్తావు అని..."

"అది కరెంటు గురించి పెదనాన్నా! కరెంటు కోతల మీద పాట!"

నా కాళ్ళ కింద అవనిగడ్డ కదిలింది. "ఆపించు, ఆపించు" అంటూ ఆ పిల్ల మైకు వైపు పరిగెత్తింది. నేనూ పరిగెత్తాను. రాయడానికి పరిగెత్తానని రాశాను గానీ పంచె ఎగ్గట్టే లోపలే పాస్టరు గారు మైకులో చెప్పేశారు.

"అందరూ కళ్ళు మూసుకుందాం. మనసు నిమ్మళం చేసుకుందాం."

వందల మంది కళ్ళు మూసుకున్నారు. పాట మొదలైంది. చీకట్లో కూర్చున్నాం, నీ కోసం చూస్తున్నాం. "స్తోత్రం, స్తోత్రం" అంటూ పెద్దవాళ్ళు చేతులెత్తారు. ముందు వరసలో మాస్టారు కళ్ళజోడు తీసి కళ్ళొత్తుకోవడం నేను నా కళ్ళతో చూశాను. ఆయన కళ్ళలో నీళ్ళుంటాయని మా మరదలికి కూడా తెలియదు. ఒక్క క్షణం, ఇక్కడే టేపు చిక్కుకుపోయి ఆగిపోతే ఎంత బాగుండునని దేవుణ్ణి వేడుకున్నాను.

చిక్కుకోలేదు. డ్రమ్ములు పడ్డాయి. తాటాకు పందిరి మీద కొబ్బరి బోండాల లారీ బోర్లా పడ్డట్టు పడ్డాయి.

"ఓ కరెంటూ! ఓహో కరెంటూ! ఫ్యాను తిరగదు, దోమ వదలదు, ఎప్పుడొస్తావే కరెంటూ!"

కళ్ళన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. ఎత్తిన చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. పాస్టరు గారు మైకు పట్టుకుని, "కరెంటు తీసెయ్యండి! ముందు కరెంటు తీసెయ్యండి!" అని అరిచారు. లౌడ్ స్పీకర్లోంచి ఎస్తేరు రావే రావే అని పిలుస్తోంది, ఈయన పొమ్మంటున్నారు. జనరేటరు వాడు ఎవరి మాట వినాలో తెలియక రెండో చరణం దాకా చూస్తూ నిలబడ్డాడు.

ఆ తర్వాత నా బల్ల ముందు క్యూ, పొద్దుటి క్యూకి రెట్టింపు. కొనడానికి ఇంటికొకరు వస్తే, తిప్పి ఇవ్వడానికి ఇంటిల్లిపాదీ వచ్చారు. ఆడపడుచుకి కూడా కొన్న ఆవిడ కేసెట్టు బల్ల మీద పెట్టింది. విసిరిందని రాద్దామనుకున్నాను, సుగుణ చూస్తోంది.

"రాకడని రాసి రాక్షసం పాడించావేంటయ్యా? పెద్దమనిషివని నమ్మాను!"

"అచ్చు తప్పమ్మా..."

"అచ్చుదా తప్పు? తోలు మందం!"

మోపిదేవి వైపు రైతొకాయన మాత్రం తిప్పి ఇవ్వలేదు. "మా ఊళ్ళో నిజంగానే కరెంటు రావట్లేదండీ. సబ్‌స్టేషను దగ్గర పెట్టి వినిపిస్తాను," అన్నాడు. ఆ కేసెట్టుకి మిగిలిన ఏకైక గిరాకీ ఆయనే.

మాస్టారు నెమ్మదిగా వచ్చి నిండుగా ఉన్న అట్టపెట్టెల వంక చూశారు. "అన్నయ్యగారూ, లెక్క సరిపోయిందిగా?" అన్నారు. అంతే. ఎస్తేరు గిటారు సంచి జిప్పు మూసుకుని వాళ్ళ నాన్న వెనకే బస్సు దాకా నడిచింది. ఆ జూన్‌లో గుడివాడలో బీఈడీలో చేరింది.

తర్వాతి సంగతి మీకూ తెలుసు. ఆ బీఈడీతోనే హైదరాబాదులో టీచరుద్యోగం సంపాదించింది, సాయంత్రాలు నలుగురు స్నేహితులతో బ్యాండు కట్టింది, ఏళ్ళూ పూళ్ళూ కష్టపడి పైకొచ్చింది. నేను మాత్రం ఇన్నేళ్ళూ లోపల్లోపల కుమిలిపోయాను. ఒక పిల్ల జీవితాన్ని ఒక్క మాట తప్పుగా విని ఎన్నో ఏళ్ళు వెనక్కి నెట్టేశానని. ఆ అట్ట సరిగ్గా అచ్చయి ఉంటే మొదటి కేసెట్టుతోనే ఎక్కడికో వెళ్ళిపోయేదని.

మొన్న ఎస్తేరు రెండు రోజులు ఉండటానికి మా ఇంటికొచ్చింది. సుగుణ చింతచిగురు రొయ్యలు వండింది. భోజనం మధ్యలో నేను ఎడమచెయ్యి గుండె మీద వేసుకుని, ఎంగిలి కుడిచెయ్యి పైకెత్తి, లేచి నిలబడ్డాను.

"అమ్మా ఎస్తేరూ! నీ కేసెట్టుని నిలువునా ముంచిన పాపిని నేను. ఈ రొయ్యల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. సగం విన్న మాటని ఇక ఏ ప్రెస్సుకీ ఇవ్వను. చరణం వినకుండా పల్లవికి ఏడవను. అట్టల మీద కిరణాలు వేయించను. ఏ పాస్టరు గారికీ, ఏ పాటకీ పూచీ పడను. నువ్వు క్షమించానంటేనే ముద్ద ముట్టుకుంటాను."

ఎస్తేరు తలెత్తకుండా రొయ్య తొక్క తీసి పళ్ళెం పక్కన పెట్టింది.

"కూర్చో పెదనాన్నా, చారు చల్లారిపోతోంది. ఆ కేసెట్టు నీ అట్ట వల్ల పోలేదు, పాటలు బాగాలేక పోయింది. గిటారు ఒక శ్రుతిలో, నేను ఒక శ్రుతిలో. డ్రమ్ములవాడు మా ఇద్దర్నీ వదిలేసి తన తాళంలో తాను వెళ్ళిపోయాడు. హైదరాబాదులో తర్వాత చేసినవి రెండూ కూడా ఎవడూ కొనలేదు. వాటి అట్టలు నువ్వు వేయించలేదుగా? రాక్ అని సరిగ్గా వేయించి ఉంటే అసలు ఒక్కటి కూడా కదిలేది కాదు. ఒక్క పూటైనా జనం కొన్నారంటే అది నీ తప్పు చలవే. నా మొదటి కేసెట్టుని ముంచింది నేను. ఆ పేరు కూడా నువ్వే కొట్టేద్దామని చూడకు."