సీలు తీయని సీసా

మా బాపు కాలుల మందులకు లొంగని క్రిమిని ఎక్కించింది శంషాబాద్ హైవే మీది ప్రైవేటు దవాఖాన వాళ్లే. ఈ మాట ఊరికే అంటలేను.

బాపుకు మోకాలు ఆపరేషన్ చేసింది వాళ్లే. ఇప్పుడు కుట్లకాడ చీము పట్టింది. పొద్దున పరీక్ష రిపోర్టు వచ్చింది. చేతికియ్యకుండ నోటితోనే చెప్పిన్రు. మామూలు యాంటీబయాటిక్స్ ఏవీ పనిచేయవంట, ఇగ ఒక్క మందే మిగిలిందంట. అది కూడా పనిచేయకుంటే కాలు దక్కుడు కష్టమంట.

"గిదెట్ల వచ్చింది సార్?" అని డ్యూటీ డాక్టర్‌ను అడిగిన.

"ఇంటి నుంచే తెచ్చుకుని ఉంటారండీ. ఊళ్లల్లో శుభ్రత తక్కువ కదా" అన్నడు.

"ఆపరేషన్ అయినకాడి నుంచి మా బాపు మీ మంచం దిగలే. ఇంటికి ఎప్పుడు పోయిండు సార్?"

ఆయన ఫోన్ చూసుకుంట వెళ్లిపోయిండు. బాపు నా చెయ్యి గుంజి, "జర మెల్లగ మాట్లాడు బిడ్డా, మళ్ల నాకు సూది వేసేది వీళ్లే" అన్నడు.

నాకు అనుమానం ఆగలే. వార్డు తలుపు పక్కన చేతులు శుభ్రం చేసుకునే మందు సీసా ఉంది. ఒత్తి చూసిన, చుక్క రాలే. సీసా నిండుగనే ఉంది, మూత సీలే తీయలే! మరి పుండ్లకు కట్లు కట్టే చేతులు ఒక మంచం నుంచి ఇంకో మంచానికి ఎట్ల పోతున్నయి? మీవాళ్లున్న దవాఖానల సీసా ఒత్తి చూసిన్రా? కింద కామెంట్ల రాయుండ్రి.

రేపు పొద్దున పది గంటలకు ఈ దవాఖాన గేటుకాడికి ధర్నాకు రండి. జెండాలు నేను తెస్త. మీరు తలా ఒక సబ్బు పట్టుకరండి.