నాచారం గుట్టల్లో కౌబాయ్

2019 వానాకాలం. హబ్సిగూడలో ఒక చిన్న క్లినిక్‌లో స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్ల చేత మళ్లీ మాట్లాడించడం నా పని. దానికి కొండంత ఓపిక కావాలంటారు. నాకు ఉన్నది తక్కువే.

నర్సింలు గారిని ఆయన భార్య యాదమ్మ గారు నాచారం నుంచి ఆటోలో తీసుకొచ్చేవారు. ఆయన ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసి రిటైరైన మనిషి. వచ్చిన జబ్బు అఫేజియా. అంటే మనం చెప్పేది అర్థమవుతుంది, తాను చెప్పాలనుకున్నది మనసులో ఉంటుంది, మాట మాత్రం నోటికి అందదు. కప్పు, తాళంచెవి, చెప్పులు బొమ్మలున్న పిక్చర్ కార్డులు చూపించి పేర్లు చెప్పమంటే మొహం తిప్పుకునేవారు. వారాలు గడిచినా 'ఊఁ' దాటి ఒక్క మాట రాలేదు.

ఒకరోజు విసుగొచ్చి, "ఈయనకు అసలు ఏమంటే ఇష్టం పిన్నీ?" అని అడిగాను.

"నవల రాస్తుండె బిడ్డా. కౌబాయ్ నవల. ఆఖరి చాప్టర్ కాడ ఆగింది. అది ఎట్ల అయిపోతదో నాక్కూడ సెప్పలే. ఇప్పుడు సెప్దామన్నా మాట రాకపాయె," అంటూ ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు.

నాకు నవ్వొచ్చింది. "బాబాయ్ అమెరికా చూశారా?"

"అమెరికా ఎన్నడు సూసిండు? పైపైన టోపీలు, తుపాకులు. లోపలంతా మన గుట్టలే."

అప్పుడు అసలు కథ చెప్పారు. వాళ్ల ముత్తాతల కాలంలో నాచారం, ఉప్పల్ దాటితే కీసర దాకా రాళ్లు, తుమ్మచెట్లు, దారిదోపిడీలే. కీసర జాతరకు పోయే బండ్లకు మైసయ్య అనే అతను గుర్రం మీద కాపలాగా వెళ్లేవాడట. ఒకసారి దొంగలు అడ్డం వచ్చిన వేళకే బండిలో ఒక నిండుచూలాలికి నొప్పులు మొదలయ్యాయి. మైసయ్య ఆమెనూ ఆమె భర్తనూ తన గుర్రం ఎక్కించి పంపేసి, తానొక్కడే దారికి అడ్డంగా నిలబడ్డాడు. ఆమెకు ఊరు చేరాక కాన్పయింది. మైసయ్య మాత్రం తిరిగి రాలేదు. ఆ పుట్టిన బిడ్డే నర్సింలు గారి నాయనమ్మ. బతికినన్నాళ్లూ ఆమె, మైసయ్య వస్తాడేమోనని పొద్దుగూకే వేళ గుట్టల దిక్కు చూసేదట. ఆ మైసయ్యకే ఆమె మనవడు పేరు మార్చి, తన నవల కోసం అమెరికాలోని అరిజోనాలో దింపాడు.

మరుసటిసారి కార్డులు సొరుగులో పెట్టేశాను. ఆ కథే ఆయనకు చెప్పడం మొదలుపెట్టాను. "అప్పుడు మైసయ్య తన తెల్ల గుర్రాన్ని..." అన్నానో లేదో, ఆయన బల్ల మీద చేత్తో కొట్టారు. వీరుడి గుర్రం తెల్లగానే ఉంటుందని నా బుర్రలో ఎవరు పెట్టారో మరి.

"కా... కాదు," అన్నారు. చెమటలు పట్టాయి. "ఎర్ర. ఎర్ర గుర్రం."

యాదమ్మ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

ఆ రోజు నుంచి మా పాఠమంతా ఆ కథే. నేను వాక్యం సగంలో ఆపితే, మిగతాది ఆయన అందుకునేవారు. ఒక్కో మాట బావిలోంచి చేదినట్టు వచ్చేది. చలికాలం వచ్చేసరికి కథ చివరికి చేరాం.

"బాబాయ్, మైసయ్య ఏమయ్యాడు?" అన్నాను.

"కతల రాలే గద," అన్నారు యాదమ్మ గారు మెల్లగా.

ఆయన భార్య వైపు తిరిగారు. "నాయనమ్మ... సూసింది. మస్తు సూసింది." బల్ల మీద చేత్తో తట్టారు. "వచ్చిండు. నా నవలల... వచ్చిండు."

ఆమె ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చారు. థెరపిస్టు పేషెంటు ముందు ఏడవకూడదంటారు. నేనూ ఏడ్చాను.

కార్డులు ఇప్పటికీ వాడుతున్నాను, అవీ కావాలి. కానీ ఎవరొచ్చినా ఇంటివాళ్లను ముందు ఒకటే అడుగుతాను: ఈ మనిషి ఏం చెప్పబోతూ ఆగిపోయారు? మాట అక్కడి నుంచే మొదలుపెట్టాలని నేర్పింది నర్సింలు గారే.

ఆఖరి చాప్టర్ ఆయన చెబుతుంటే యాదమ్మ గారు రాశారు. నాకు చదివి వినిపించారు కూడా. అందులో మైసయ్య ముసలివాడై వస్తాడు. ఊళ్లో ఎవరూ పోల్చుకోరు. ఆనాడు ఊరు చేరిన ఎర్ర గుర్రం కన్న పిల్ల ఒకటి మాత్రం కట్టు తెంపుకుని అతనికి ఎదురెళుతుంది.