గురమ్మ గంప

భావనపాడు గురమ్మ అడ్డచుట్ట కాలుస్తుంది. నిప్పు నోటిలోపల ఉంటుంది కాబట్టి ఆమె మాటలు వేడిగా వస్తాయని ఊరి సిద్ధాంతం. ఫోన్లో కార్డు నంబరు అడిగి బ్యాంకు సొమ్ము ఊడ్చేసే దొంగల బారిన పడి ఏ ఆడమనిషి ఏడుస్తూ వచ్చినా ఆమె ఓదార్చదు. "లెగు, టేసనుకి పద" అని ఎండు నెత్తళ్ల చేపల గంప నెత్తికెత్తుకుంటుంది. ఠాణాలో సరిగ్గా ఫ్యాను కింద గంప దించి, పైనున్న గోనె తీసి, ఫిర్యాదు రాసేదాకా అక్కడే కూర్చుంటుంది. చట్టంలో ఎన్ని సెక్షన్లున్నా ఈ సువాసన ముందు దిగదుడుపే.

మొన్న తాతమ్మ అనే ముసలామెను తీసుకెళ్లింది. వేటకెళ్లిన మొగుడు సముద్రంలో పోతే ప్రభుత్వమిచ్చిన సొమ్మంతా ఒక్క ఫోనుతో పోయింది. ఠాణాలో ఫిర్యాదులు రాసే రైటరుగారు కలం తియ్యకుండానే తీర్పిచ్చేశారు. "నంబరు నువ్వే సెప్పేసి మోసమంటావేటే ముసలీ? బుద్ధి నేదా?" తాతమ్మ తలొంచుకుంది. గురమ్మ గంపను బల్ల దగ్గరకు ఇంకో జానెడు జరిపింది. "ఆ దొంగనాకొడుకు 'తాతమ్మగారూ, బాగున్నారా' అన్నాడు బాబూ. పుట్టి బుద్ధెరిగాక దాన్ని గారూ అన్నోడు ఆడొక్కడే. మీ ఆఫీసుల్లో ఒక్కరన్నా అనుంటే ఆడి మాటకి అది కరిగిపోవునా?"

రైటరుగారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని ఫిర్యాదంతా రాశారు. ఇంకుప్యాడు తోసి, "ఏలిముద్ర ఎయ్యి" అన్నారు. తాతమ్మ చాపిన చేతిని గురమ్మ పట్టుకుని ఆపింది. "దొంగోడిపాటి మర్యాదైనా నేర్సుకో బాబూ. మాకు తొందర నేదు." ఫ్యాను తిరుగుతూనే ఉంది. రైటరుగారు గంపవైపు చూశారు.

"తాతమ్మగారూ," అన్నారు రుమాల్లోంచి, "వెయ్యండి."