నాలుగో మూల

పరిశోధనశాలలో అందరూ ఆమెను పేగులమ్మ అంటారు. దానికామె నొచ్చుకోదు. కోపమంతా ఒక్క మనిషి కోసం దాచుకుంది. ఆ మనిషి సొంత బావ, అక్క మొగుడు, కోళ్ల ఫారం మేనేజరు.

ఒకప్పుడు ఆ ఫారంలో, అప్పుడే గుడ్డులోంచి వచ్చిన పిల్లల షెడ్డు చూసుకునే పని ఆమెదే. పిల్లలు తొందరగా బరువెక్కాలని బావ దాణాలో పశువుల కొవ్వు కలిపించాడు. వారం తిరక్కుండానే పిల్లలు జిగట రెట్ట వేస్తూ కూలబడ్డాయి. బావ 'పనిమనిషి అశ్రద్ధ' అని కాగితం రాసి, నాలుగు పిన్నులతో గేటు పక్క బోర్డుకు గుచ్చి, ఆమెను పొమ్మన్నాడు. ఆమె కాగితం పీకి పారేసింది. పిన్నులు మాత్రం అగ్గిపెట్టెలో దాచుకుంది. తర్వాత ఈ పరిశోధనశాలలో పనికి కుదిరింది.

"ఎంతైనా బావ కదే, మరిచిపోవే" అంది అక్క.

"నీకు మొగుడు. నాకు అరగని ముద్ద."

పరిశోధనశాలలో ఆమె పని కోడిపిల్ల పేగును కోసి, లోపలి రసం గొట్టంలోకి పట్టి, పేగును మంచు మీది గాజు పలకపై పరిచి, లోపలి పొరను గాజు అంచుతో గీకడం. వాటిలో మేతను అరిగించే ఎంజైములు ఎంతున్నాయో పెద్ద మేడం కొలుస్తుంది. ఎందుకు కొలుస్తారో అడిగి అడిగి తెలుసుకుంది.

"పుట్టిన పిల్లకి ముక్కు సిద్ధంగా ఉంటుంది, పేగు ఉండదు" అంది మేడం. "మొదట్లో కడుపులో మిగిలిన పచ్చసొనే దిక్కు. మేత పడేకొద్దీ ఎంజైములు పెరుగుతాయి. కొవ్వును అరిగించేది మరీ నిదానం."

ఆ మాట విన్న రోజు ఆమె అన్నం సగంలో వదిలేసింది.

ఫారంలో తర్వాతి పిల్లలూ చచ్చాయి. ఫారం యజమాని దాణాను ఈ పరిశోధనశాలకే పరీక్షకు పంపాడు. బస్తా మీద ఒట్టి నంబరే. మూతి విప్పగానే ఆ కొవ్వు వాసన ఆమె గుర్తుపట్టింది. పరిశోధనశాలలో కొత్తగా పుట్టిన పిల్లల్లో సగానికి ఆ దాణా, సగానికి ఒట్టి మొక్కజొన్న దాణా వేశారు.

నాలుగో రోజు కొవ్వు దాణా పిల్ల రసం గొట్టం ఒక చేతిలో, నీళ్ల సీసా ఇంకో చేతిలో పట్టుకుని నిలబడిపోయింది. కాసిని నీళ్లు కలిపితే ఎంజైము లెక్క ఇంకా పడిపోతుంది, బావ పని అయిపోతుంది. కానీ బావ మళ్లీ పరీక్ష చేయిస్తే దొంగ లెక్క బయటపడుతుంది, అతను తప్పించుకుంటాడు. సీసా కింద పెట్టింది. ఇరవై ఒక్క రోజులు గీకింది, ఏ చుక్కా ఒలకకుండా. అంత శ్రద్ధగా ఆమె ఎవరికీ ఏదీ చేయలేదు.

లెక్క తేలింది. ఏ దాణా తిన్నా మొదటి వారం పిల్లల్లో కొవ్వును అరిగించే ఎంజైము అంతంతమాత్రమే. మొక్కజొన్న పిల్లలు తేరుకున్నాయి, కొవ్వు పిల్లలు చచ్చాయి. మూడో వారానికి ఆ ఎంజైము బాగా పెరిగింది, అప్పుడు వేసుంటే ఆ కొవ్వు అరిగేదే.

ఆ లెక్క రాసిన కాగితం ఫారానికి ఆమే తీసుకెళ్లింది. యజమాని చదివి, "నీకేం కావాలి? పాత ఉద్యోగమా?" అన్నాడు.

"బోర్డు" అంది.

గేటు దగ్గర బావ ఎదురొచ్చాడు. "లోపల కూర్చుని మాట్లాడుకుందాం మరదలా. పేగు ఎదగలేదని నాకెలా తెలుస్తుంది చెప్పు?"

"అప్పుడు నాకూ తెలీదు బావగారూ. తెలీనప్పుడు నేనెవరి మీదా కాగితం రాయలేదు."

అగ్గిపెట్టె తెరిచింది. ఒక పిన్ను తుప్పు పట్టి చేతిలోనే విరిగింది. మిగతా మూడింటితో లెక్క కాగితం మూడు మూలలు బోర్డుకు గుచ్చింది. నాలుగోది గాలికి లేచి చదవనివ్వడం లేదు.

"ఆ మూల మీరు పట్టుకోండి బావగారూ" అంది. "షిఫ్టు వదులుతారు. అందరూ చదివేదాకా."

కిటికీలోంచి యజమాని చూస్తున్నాడు. బావ పట్టుకున్నాడు.