చెరువుగట్టున నేను చెప్పిన అబద్ధం

మా చిన్నప్పుడు... మాఘమాసం ఆదివారాల్లో తెల్లవారకముందే తాత నా దుప్పటి లాగేసేవాడు. "లెగే గుంటా, కొర్రమీనులు మన కోసం కాసుకుని కూకోవు" అనేవాడు.

మేముండేది రాయపూర్ భన్‌పురిలో. ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రమైన రోజులు. నాన్నకు సిల్తారాలో ఇనుము ఫ్యాక్టరీలో ఉద్యోగం. నానమ్మ పోయాక తాతను శ్రీకాకుళం నుంచి తెచ్చుకున్నాం. పాపం, ఆయనకు హిందీలో వచ్చిన మాట ఒక్కటే... "హా". అంటే అవునని. ఎవరేమడిగినా నవ్వుతూ "హా హా" అనేవాడు. మిగతాదంతా నేనే చెప్పాలి. మూడో క్లాసు పిల్లని, ఆ పెత్తనం నాకు భలే ఇష్టంగా ఉండేది.

టెంపో ఎక్కి ధర్సీవా వైపు వెళ్తే ఒక చేపల చెరువు. దాని కాపలాదారు బుధారూ, తాత కంటే కాస్త చిన్నవాడు. కొర్రమీనులు పెంపుడు చేపల పిల్లల్ని మింగేస్తాయి గనుక, మేం వాటిని పట్టుకుపోతే ఆయనకు సంతోషమే. షరతు ఒక్కటే... పెంపుడు చేపలు, శీలావతి గాని, బొచ్చె గాని గాలానికి పడితే తిరిగి నీళ్లలో వదిలెయ్యాలి. ఆ మాట తాతకు తెలుగులో చెప్పింది నేనే. తాత ఎన్నడూ దాన్ని తప్పలేదు.

చలినీళ్లలో కొర్రమీను పట్టడం ఓపిక పని. చలికి అది బద్ధకించి అడుగున పడుంటుంది, ఎర వెంట పరుగెత్తదు. కాస్త ఎండెక్కాక గట్టువార నాచు పక్కకు వస్తుంది. అప్పుడు ఎరను దాని మూతి ముందుకు దించి, కదిలించీ కదిలించనట్టు ఉండాలి. తాత మోకాలి లోతు నీళ్లలో గంటలకొద్దీ నిలబడేవాడు. ఆ తర్వాత బుధారూ వేసిన గడ్డిమంట దగ్గర కూర్చుని ఇద్దరూ బీడీలు కాల్చుకునేవారు. ఈయనది తెలుగు, ఆయనది ఛత్తీస్‌గఢీ... అయినా నన్ను పిలవకుండానే ఏవేవో చెప్పుకుని పడీపడీ నవ్వుకునేవారు. ఇంట్లో తాత అలా నవ్వగా నేను చూడలేదు.

ఆ ఆదివారం కాళ్లు కొంకర్లు పోతున్నాయని తాత మంట దగ్గరకు వెళ్లాడు. గాలం నా చేతికొచ్చింది. వానపాము గుచ్చడం నాకు అసహ్యం. టిఫిన్ డబ్బాలోని రొట్టె ముక్క నలిపి గుచ్చాను. పడింది... జానెడుకు మించిన శీలావతి. నా జీవితంలో మొదటి చేప. వదలబుద్ధి కాలేదు. అమ్మకు చూపించాలి, క్లాసులో గొప్పలు చెప్పుకోవాలి. తువ్వాలులో చుట్టి సంచి అడుగున దాచేశాను. తాత చూడలేదు.

బయల్దేరబోతుంటే చెరువును పాటకు తీసుకున్న ఠేకేదారు మోటారు సైకిల్ మీద వచ్చాడు. సంచి ఇంకా కదులుతోంది. తాత అవతల గాలం చుట్టుకుంటుండగా సంచిలోకి వంగి, తువ్వాలు విప్పి చూశాడు. ఈ శీలావతిని ఎవరు పట్టారని హిందీలో గద్దించాడు.

నాన్నకు తెలిస్తే వీపు చిట్లగొడతాడు. "తాతే పట్టాడు" అన్నాను, హిందీలోనే.

బుధారూ నా వైపు చూశాడు. "నోనీ, వదిలెయ్యాలని చెప్పమన్నాను కదా?" అన్నాడు. నోనీ అంటే అక్కడ అమ్మాయి అని, ముద్దుగా పిలిచే పిలుపు.

"చెప్పాను... వినలేదు" అన్నాను. నా నోరు పడిపోను.

ఠేకేదారు తాత వైపు తిరిగి "చోరీ కర్‌తే హో, బబా?" అన్నాడు. దొంగతనం చేస్తావా, తాతా అని. తాత చేతులు జోడించి, నవ్వుతూ "హా హా" అన్నాడు.

ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఠేకేదారు ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాడు. బుధారూనూ తిట్టాడు. మళ్లీ ఈ ఛాయలకు రావద్దన్నాడు. తాత నవ్వు ఆగిపోయింది. "ఏటంతన్నాడే?" అని నన్నడిగాడు.

"ఇవాళ్టి నుంచి ఎవర్నీ పట్టనివ్వరట తాతా."

"ఓస్, అంతేనా" అంటూ బుధారూ భుజం మీద చెయ్యి వేయబోయాడు. బుధారూ పక్కకు తప్పుకుని మొహం తిప్పుకున్నాడు.

తిరుగు టెంపోలో తాత మెల్లగా అడిగాడు... "ఆడికి నావల్ల ఏదైనా కష్టమొచ్చిందేటే? ఒకపాలెళ్లి నా మాటగా చెప్దువుగాని... ఈ ముసిలోడు తెలిసి చేసుండడని."

"అదేం లేదు తాతా" అన్నాను. నేను వెళ్లలేదు. చెప్పలేదు.

ఉగాది రాకముందే తాత తనను ఊరికి పంపించెయ్యమన్నాడు. "ఇక్కడ నాకు మాటాడ్డానికి మనిషేడిరా" అన్నాడు నాన్నతో. చుట్టుపక్కల తెలుగువాళ్లు లేరని బెంగ కాబోలు అనుకున్నారు ఇంట్లో. ఉన్న ఒక్క మనిషినీ ఎవరు దూరం చేశారో నాకొక్కదానికే తెలుసు. తలవంచుకుని అన్నం తిన్నాను. రెండేళ్లకు ఊళ్లోనే పోయాడు... తనే ఏదో తప్పు చేశానేమోనన్న అనుమానంతోనే.

ఇప్పుడు మా పిల్లలు ఫోన్ ముందు ఏ భాషలో మాట్లాడినా అది క్షణంలో ఇంకో భాషలో చెప్పేస్తోంది. దానికి నాన్న అంటే భయం లేదు, గొప్పలు చెప్పుకోవాలన్న ఆశ లేదు. అప్పట్లో మా తాతకు నేనే దిక్కు. ఆయన నన్ను ఒక్కసారి కూడా అనుమానించలేదు.

మీ చిన్నప్పుడూ ఇలాంటిదేమైనా జరిగిందా... జరిగి, ఆ మనిషి ఇంకా ఉంటే, కామెంట్లలో రాయకండి. ముందు వాళ్లకు చెప్పండి.