విమానం రెక్కకు కుట్టిన గుడ్డ

గుంటూరులో నలభై ఏళ్లు జాకెట్లు కుట్టాను. నేను కుట్టింది విప్పి మళ్లీ కుట్టాల్సి వచ్చిందని ఎవరైనా అంటే, వారం రోజులు వాళ్లతో మాట్లాడేదాన్ని కాదు. అలాంటి నేను అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉన్న మా అమ్మాయి ఇంటికొచ్చి విమానానికి బట్టలు కుట్టాను.

మనుషులెక్కే విమానం కాదు. మా అల్లుడు, కార్ల ఫ్యాక్టరీలో రిటైరైన పక్కింటి పెద్దాయన కలిసి గరాజ్‌లో కడుతున్న ఎగిరే నమూనా. అసలుది రెండు ప్రపంచ యుద్ధాల మధ్య ఇంగ్లండ్‌లో రాత్రిపూట బాంబులు వేయడానికి చేసిన రెండింజన్ల విమానమట. రెక్కలు ఒకదానిపై ఒకటి రెండు వరుసలు. బాడీని పై రెక్కకు వేలాడదీశారు. బాంబులు కింది రెక్కలోనే పెట్టారు, నేలకు దగ్గరగా ఉంటే గబగబా ఎక్కించొచ్చని. దిద్ది, పరీక్షించి, సైన్యానికిచ్చిన కొన్నేళ్లకే ఒంటి వరుస రెక్కలవి వచ్చేసరికి ఇది పాతబడిపోయింది. బుట్ట చేతులు కుట్టడం నేర్చుకునేసరికి ఫ్యాషన్ మారిపోయినట్టే, పాపం. యుద్ధంలో ఒక్క బాంబూ వేయలేదని విన్నాక దాని మీద నాకు ప్రేమ పుట్టింది.

రెక్కలకు దిండు గలీబుల్లాంటి గుడ్డ తొడుగులు కావాలి. శనివారం మైదానంలో దాన్ని ఎగరేసి చూపించే ప్రదర్శన. నేనున్నానుగా అన్నాను. అలవాటుగా ముందు పెద్దాయన తెప్పించిన గుడ్డను తడిపి, ఆరేసి, గట్టిగా ఇస్త్రీ చేశాకే కత్తెర పట్టాను. లైనింగ్ తడపకుండా కత్తిరించారని నా దగ్గర కుట్టు నేర్చుకునే పిల్లల్ని నేను తిట్టని రోజు లేదు.

తొడుగు ఎక్కించి అల్లుడు దానిపై ఇస్త్రీ పెట్టె ఆడించాడు. గుడ్డ బిగియలేదు, వదులు లాల్చీలా వేలాడింది. వేడికి రెక్క మీదే కుంచించుకోవాల్సిన గుడ్డట అది. ఆ కుంచించుకోవడమంతా నా ఇస్త్రీ బల్ల మీదే అయిపోయింది.

"ఆయన చీప్ క్లాత్ ఆర్డర్ చేసినట్టున్నారు అత్తయ్యా. సాటర్‌డే క్యాన్సిల్ చేద్దాం," అన్నాడు అల్లుడు. తెలుగు రాకపోయినా పెద్దాయనకు విషయం అర్థమైంది. తలొంచుకుని క్షమాపణ చెప్పాడు.

నేను నోరు విప్పకపోతే ఎవరికీ తెలియదు. నా పేరు నిలుస్తుంది, ఆయన పేరు పోతుంది. ఒక్క నిమిషం ఊరుకున్నాను కూడా, అబద్ధమెందుకు?

"తప్పు ఆయనది కాదు బాబూ. కుట్టేముందు నేనే తడిపి ఇస్త్రీ చేశాను. ఆయనకి చెప్పు."

పెద్దాయన విని, ఇంటికెళ్లి మిగిలిన గుడ్డ తెచ్చి నా చేతుల్లోనే పెట్టాడు. రెండు రోజులు కూర్చుని కుట్టాను. ఆ గదిలోకి మంచినీళ్ల గ్లాసు కూడా రానివ్వలేదు. ఈసారి వేడి తగలగానే గుడ్డ మద్దెలలా బిగిసింది.

శనివారం విమానం మైదానం చుట్టూ రెండుసార్లు తిరిగింది. అందరూ ఇంజన్లను చూశారు, నేను కుట్లు చూశాను. దిగాక జనం మూగితే పెద్దాయన నన్ను చూపించి, రెక్కలు కుట్టింది ఈవిడేనని, మొదటిసారి తప్పు కుట్టి తనే ఒప్పుకుందని చెప్పాడు.

ఆ రెండో మాట కూడా చెప్పమని పొద్దున్నే అల్లుడి చేత ఆయనకు చెప్పించింది నేనే.